కోసిన దారం

ఆవిడకు కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. కోటు జేబు మీద చిన్న బిళ్ళలో రాసి కూడా ఉండేది. మేమెవరమూ చదవలేదు. మా అక్క ఆవిడకు రెండో పూటకే "చిరుగు" అని పేరు పెట్టింది. అక్క ఒకసారి పేరు పెట్టాక అసలు పేరుతో ఎవరికీ పని ఉండదు. మా వీధిలో ఒక పెద్దమనిషి ఇప్పటికీ "బొత్తాం" గానే చలామణీ అవుతున్నాడు. పాతికేళ్ళ కిందట ఆయన పొట్ట లోపలికి పీల్చుకుని కొలతలిచ్చి, చొక్కా తొడిగాక ఊపిరి వదిలాడు. బొత్తాం తెగి వెళ్ళి అక్క నుదుటికి తగిలింది. ఆ సంగతి ఇప్పుడు ఆయన మనవలకి కూడా తెలుసు.

మాది కుట్టు దుకాణం. కటింగ్ నాది, కుట్టు అక్కది. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. నా చేత కత్తెర పట్టించింది తనే, అదే కత్తెర మొనతో నా వేళ్ళ మీద కొట్టిందీ తనే. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "నా కొలతలకి సరిపడ్డవాడు రాలేదు, వచ్చినవాళ్ళంతా ఆల్టరేషన్ కేసులు" అనేది. మనుషుల్ని అంచులు చూసి తూచేది. గుమ్మంలోకి కొత్త మనిషి వస్తే మొహం చూడదు. ప్యాంటు కింద మడత చూస్తుంది, చొక్కా చేతుల చివర చూస్తుంది, చూసి "ఎవరు కుట్టారిది, కసితో కుట్టినట్టున్నారు" అంటుంది. ఆ మాట పడలేక సగంమంది, ఆ కుట్టు వదల్లేక సగంమంది. మొత్తానికి దుకాణం నడిచింది.

అలాంటి మనిషికి కడుపులో గడ్డ. తెలిసేసరికే చెయ్యి దాటింది. ఇక చేసేదేమీ లేదు, నొప్పి తెలియకుండా చూసుకోవడమే అని చెప్పి పెద్ద డాక్టరుగారు ఒక చిరునామా రాసిచ్చాడు. అది పన్నెండు మంచాల చిన్న ఆస్పత్రి. అక్కడికి బాగుపడదామని వచ్చేవాళ్ళు ఉండరు. ఆ సంగతి తెలిసి కూడా మర్యాద కొద్దీ ఎవరూ పైకి అనరు. అక్క మాత్రం లోపల అడుగు పెడుతూనే, "ఒరేయ్, ఇది ట్రయల్ రూము కాదు, డెలివరీ కౌంటరు" అంది. వెనక స్ట్రెచరు తోస్తున్నతను నవ్వాపుకోలేక గోడకు గుద్దాడు.

అక్కడ ఒక నియమం ఉంది. మొనదేలిన వస్తువు ఏదీ వార్డులోకి రాకూడదు. అంతకు ముందెప్పుడో ఒక రోగి పరుపులో సూది ఉండిపోయి, అది ఆయన తొడలో విరిగిందట. అందుకని అక్క సంచి విప్పి కత్తెర, సూదులడబ్బా, బ్లేడు తీసి నా చేతికిచ్చేశారు. నా కాలరు మాత్రం ఎవరూ చూడలేదు. మా పనివాళ్ళందరికీ కాలరు వెనక ఒక సూది ఉంటుంది, దారంతో సహా. అది లేకపోతే నాకు చొక్కా తొడుక్కున్నట్టే ఉండదు.

సూదులడబ్బా పోయాక అక్క గోడవైపు తిరిగి పడుకుంది. మూడు రోజులు మాట్లాడలేదు. ముట్టుకోనివ్వలేదు. ఒళ్ళు తుడవడానికి వచ్చిన అమ్మాయి చెయ్యి మెలిపెట్టింది. ఒత్తిగిలించబోయిన ఆయా మీద గ్లాసు విసిరింది. మందు గొట్టంలోంచి ఎక్కుతూనే ఉంది కాబట్టి నొప్పి మాట అటుంచితే, ఎటూ కదలకుండా పడుకునే మనిషికి వీపు పుండవుతుంది. మాకు భయం అదే. గడ్డ ఎలాగూ తీసుకుపోతుంది, పుండ్లతో పోవడం ఎందుకు?

అప్పుడు వచ్చింది చిరుగు.

ఆ వార్డు సిస్టరు, నలభై అయిదు దాటి ఉంటాయి. సన్నటి మనిషి, పొడుగు మెడ. ఎడమకాలి బూటు కిర్రుమనేది. బాగు చేయించుకోవచ్చుగా అంటే, "చప్పుడు వినిపిస్తే నేనొస్తున్నట్టు వీళ్ళకి ముందే తెలుస్తుందండీ, ఉలిక్కిపడరు" అంది. మనిషిని ముట్టుకునే ముందు రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని వెచ్చచేసుకునేది. చేసే ప్రతి పనీ ముందు నోటితో చెప్పేది. "ఇప్పుడు ఎడమచెయ్యి ఎత్తుతున్నానమ్మా. ఇప్పుడు దిండు తీస్తున్నా. ఇప్పుడు మెడ కింద చెయ్యి పెడుతున్నా."

మూడురోజుల మౌనం తర్వాత అక్క నోరు విప్పి అన్న మొదటి మాట, "ఇదేమన్నా క్రికెట్టా, వ్యాఖ్యానం చెప్తున్నావు?"

చిరుగు నవ్వి వెనక్కి అడుగేసింది. మంచం చక్రానికి ఉన్న మేకు ఆవిడ కోటు అంచుకి పట్టుకుంది. బర్రుమని జానెడు మేర ఊడింది.

అక్క ఇటు తిరిగింది. మూడు రోజులుగా ఎవరెంత బతిమాలినా తిరగని మనిషి, గుడ్డ చినిగిన చప్పుడుకి తిరిగింది.

"ఏదీ, ఇలా రా. ఇంకా దగ్గరికి. ఎవరే ఇది కుట్టింది? గోనెసంచులు కుట్టేవాడా?"

"రెడీమేడ్ అమ్మా."

"అదే అంటున్నా. సూది తే."

"సూది ఇక్కడ..."

"తెస్తావా, చస్తావా?"

ఆవిడ అటూ ఇటూ చూసి వెళ్ళి, ఎక్కడినుంచో సూదీ తెల్లదారం తెచ్చింది. మంచం పక్కన నిలబడింది. మోకాలి దగ్గర కోటు అంచుని అక్క ఒళ్ళోకి లాక్కుని హెమ్మింగ్ మొదలుపెట్టింది. వేళ్ళు వణుకుతున్నాయి గానీ కుట్టు వణకలేదు. మధ్యలో రెండుసార్లు సూది ఆవిడ కాలికి దిగింది. ఒకసారి పొరపాటున, రెండోసారి కదిలినందుకు. అయిపోయాక పంటితో దారం తెంపి, "ఇప్పుడు చెయ్యి, ఏం చేస్తావో" అని వెల్లకిలా పడుకుంది. చిరుగు ఒళ్ళు తుడిచింది. ఒత్తిగిలించింది. దుప్పటి మార్చింది. అక్క కిక్కురుమనలేదు.

మర్నాడు ఏడింటికి నేను పాలు పట్టుకుని వెళ్ళేసరికి, చిరుగు కోటు అంచు మళ్ళీ ఊడి ఉంది.

"నిన్న నేను కుట్టిన కుట్టే! ఎలా ఊడింది?"

"బస్సు మెట్టుకి పట్టుకుందమ్మా."

"బస్సు మెట్టుకే పట్టుకుంటుంది. నడిచే మనిషి అయితేగా. దొర్లుకుంటూ వచ్చావా?"

ఆ మర్నాడు తలుపు గడియకి పట్టుకుంది. ఆ పై రోజు కుక్క లాగింది. ఆ తర్వాత ఆవిడ సాకులు చెప్పడం మానేసింది, అక్క అడగడమూ మానేసింది. తిట్టడం మాత్రం మానలేదు. "ఒంటి మీద గుడ్డ నిలుపుకోవడం రాదు, ఒకరి ప్రాణం నిలుపుతుందట", "నిన్ను కన్నావిడ కూడా నిన్ను ఇలాగే సగం కుట్టి వదిలేసినట్టుంది" — వినేవాళ్ళకి ఒళ్ళు జలదరించే మాటలు. ఆవిడ మంచం పక్కన కొయ్యలా నిలబడి అన్నీ పడేది. కుట్టు అవగానే సూదిని తన కాలరు వెనక గుచ్చుకునేది. అది మా అక్క నేర్పిందే. "ఒక సూది తెచ్చావు, ఒక సూది తీసుకెళ్ళు. పరుపులో వదిలావంటే ముందు నీకే గుచ్చుతా." ఆ తరవాత ఒళ్ళు తుడవడం, ఒత్తిగిలించడం. వీపు మీద మచ్చ కూడా పడలేదు.

ఇదంతా రోజూ నా కళ్ళ ముందే జరిగింది. నాకు అర్థమయిందేమిటయ్యా అంటే, ఆ సిస్టరు శుద్ధ అశ్రద్ధ మనిషి అనీ, చావుబతుకుల్లో ఉన్న మా అక్క చేత ఊరికే బట్టలు కుట్టించుకుంటోందనీ. పక్క మంచం వాళ్ళ చుట్టాలు నవ్వుతుంటే నాకు తలకొట్టేసినట్టుండేది. అక్క కూడా నాతో, "ఈ చిరుగు పని చేసి చేసి చచ్చేలా ఉన్నానురా" అనేది. చచ్చేలా ఉన్న మనిషి అలా అంటుంటే తమ్ముడికి మండదా?

ఆస్పత్రి గుమ్మంలో, గోడకు దారం కట్టి ఒక అభిప్రాయాల పుస్తకం వేలాడదీశారు. నేను నాలుగు మాటలు రాస్తే పదిమంది నవ్వాలి, అదీ నా జబ్బు. ఒక సాయంత్రం ఇలా రాశాను:

"ఇక్కడ అన్నీ దివ్యంగా ఉన్నాయి. ఒక సిస్టరుగారి కోటు అంచు మాత్రం పొద్దున్నే జెండాలా ఎగురుతూ కనిపిస్తోంది. అది ఏ దేశపు జెండాయో రాసి పెడితే మేమంతా లేచి నిలబడతాం. లేవగలిగినవాళ్ళం. — ఇట్లు, ఒక కటింగ్ మాస్టారు."

పక్కన నిలబడి చదివిన మా ఆవిడ, "మీకు నోరు చాలక చెయ్యి కూడానా?" అంది. ఊరికే సరదాకి అన్నాను. నిజంగా సరదాకే. ఆ "లేవగలిగినవాళ్ళం" అన్న ముక్క తట్టినందుకు ఇంటికొచ్చేదాకా నాలో నేనే నవ్వుకున్నాను కూడా.

హెడ్ సిస్టరు రోజూ తొమ్మిదింటికి వచ్చేది. ఆ పాటికి కోటు కుట్టేసి ఉండేది కాబట్టి ఆవిడకి ఏ సంగతీ తెలియదు. పుస్తకం చదివిన మర్నాడు ఆరున్నరకే వచ్చి గుమ్మంలో నిలబడింది. చిరుగు కోటు అంచు వేలాడేసుకుని వచ్చింది. హెడ్ సిస్టరు ఆపి నిలువునా చూసింది. కాలరు సర్దబోతే వేలికి సూది గుచ్చుకుంది.

నేను వెళ్ళేసరికి అక్క మంచం పక్కన ఇంకో సిస్టరు ఉంది. పాతికేళ్ళ పిల్ల. కోటు మీద ఒక్క ముడత లేదు. వేలెత్తి చూపడానికి ఏమీ లేదు.

"చిరుగేదిరా?" అంది అక్క.

"కింద బట్టల గదిలో వేశారట. నీ బాధ చూడలేక నేనే నాలుగు ముక్కలు రాశాలే. ఇక నీకు ఆ వెట్టిచాకిరీ లేదు."

అక్క నావంక చూసింది. తప్పు కత్తిరించినప్పుడు చూసే చూపు నాకు తెలుసు. అది కాదు ఇది.

"నువ్వు కటింగ్ మాస్టారివేనా?"

"అదేం ప్రశ్నే?"

"ముప్పై ఏళ్ళయింది కత్తెర పట్టి. తెగిన దారం పీచులా ఉంటుంది. కోసిన దారం కొస నున్నగా ఉంటుంది. రోజూ ఇక్కడే కూర్చున్నావు. ఒక్కనాడైనా దారం చూశావా?"

"అంటే... ఆవిడే కావాలని..."

"బ్లేడుతో. రోజూ. చక్కగా ఒకే చోటినుంచి ఒకే చోటికి."

"నీకు తెలిసి కూడా అన్ని తిట్లు తిట్టావా?"

"తిట్టక? చేతులు జోడించి దండం పెట్టనా? పెడితే అది దయ అవుతుందిరా. తిడితే పని." గోడవైపు తిరిగింది. "పో. వెళ్ళి దాన్ని తీసుకురా."

ఇస్త్రీ సిస్టరు ఒళ్ళు తుడవడానికి చెయ్యి వేసింది. అక్క ఆ చెయ్యి కొరికింది.

నేను కిందికి పరుగెత్తాను. హెడ్ సిస్టరు తెల్లబారిన జుట్టుతో, చల్లటి గొంతుతో ఉండే మనిషి. ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. బళ్ళో కూడా ఎప్పుడూ అంత బుద్ధిగా నిలబడలేదు.

"మీరు రాసింది చదివి నవ్వొచ్చిందండీ," అంది ఆవిడ. "కానీ సూది సంగతి నవ్వే విషయం కాదు. ఆ తొడలో విరిగిన సూది నా ముందే తీశారు. ఆ సిస్టరేమో, ఇంట్లో కుట్టుకుంటూ మరిచిపోయి కాలరులో పెట్టుకుని వచ్చేశానంది. ఒక్కసారి జరిగింది. చూద్దాం."

ఆవిడ "చూద్దాం" అన్న తీరులో ఏదో ఉందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు వినపడలేదు. నాకు వినపడిందల్లా, చూద్దాం అంటే చాలదు, గట్టిగా ఏదో చెయ్యాలి అని. నాకు చేతనయింది ఒక్కటే. రాయడం.

ఆ సాయంత్రం దుకాణం బల్ల మీద కూర్చుని నాలుగు పేజీలు రాశాను. నా జీవితంలో అంత మనసు పెట్టి ఏదీ రాయలేదు. ఒక్క వెక్కిరింత లేదు. ఆ సిస్టరు మా అక్క పాలిట ఎలాంటి మనిషో, చేతులు ఎలా వెచ్చచేసుకునేదో, బూటు ఎందుకు బాగుచేయించుకోలేదో, అన్నీ రాశాను. చివర్లో ఇలా ఉంది: "వరసగా ముప్పై ఆరు రోజులు ఆమె తన కోటు అంచును తనే బ్లేడుతో కోసుకుని, తనే సూది తెచ్చి, మా అక్క చేతికిచ్చి కుట్టించుకుంది. రోజుకు నలభై రెండు కుట్లు, లెక్కపెట్టాను. పని లేక చచ్చిపోతున్న మనిషికి పని ఇచ్చింది. ఆమెకు మా కుటుంబం జన్మంతా రుణపడి ఉంటుంది."

మా ఆవిడ చదివి కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని, "బావుంది. కానీ ఎవరికైనా చూపించి ఇవ్వండి" అంది.

"పొగడ్డానికి కూడా ఒకరి పర్మిషనా?" అన్నాను.

హెడ్ సిస్టరు నాలుగు పేజీలూ నా ముందే చదివింది. చివరి పేజీ రెండుసార్లు చదివింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మాస్టారూ, ఒక్క రోజు మరిచిపోయిందని తను చెప్పింది. నేను నమ్మినట్టు ఊరుకున్నాను. రెండు రోజులు కింద ఉంచి, ఎల్లుండి పైకి పంపిద్దామనుకున్నాను. మీరిప్పుడు ముప్పై ఆరు రోజులని సంతకం పెట్టి ఇచ్చారు."

"అయ్యో, నేను మెచ్చుకుంటూ..."

"మెచ్చుకుంటూనే. తేదీలతో సహా."

"అది చించేద్దామండీ. చించెయ్యండి!"

"బయట మీరు అందరికీ చదివి వినిపించారటగా."

వినిపించాను. గేటు దగ్గర కాపలావాడికి, ఆయాకి, పక్క మంచం వాళ్ళ బావమరిదికి. ఆ బావమరిది ఎవరో కాదు, ఆస్పత్రి కమిటీ సభ్యుడట. అతనికి కళ్ళ నీళ్ళు కూడా వచ్చాయి. అంత బాగా చదివాను మరి.

ఆ తర్వాత రోజులు చెప్పాలంటే నోరు రాదు గానీ, ఇంత చెప్పి అది మింగితే తప్పు. అక్క ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ఇద్దరు పట్టుకుంటే ఒకరు తుడిచేవారు. అయిదు వారాలు మచ్చపడని వీపు నాలుగు రోజుల్లో పుండు పడింది. ఇస్త్రీ సిస్టరు మంచి పిల్లే, పాపం. చేతికి కట్టు కట్టుకుని వచ్చి మరీ "అమ్మా, అమ్మా" అని బతిమాలేది. ఆ పిల్ల గొంతు వింటే చాలు, అక్క పళ్ళు బిగించేది.

నేనొక తెలివైన పని చేశాను. ఒక పొద్దున చొక్కా బొత్తాం బ్లేడుతో కోసుకుని వెళ్ళాను.

"అక్కా, చూడవే, బొత్తాం ఊడిపోయింది. నా దగ్గర సూది ఉంది, ఎవరికీ తెలీదు. కుట్టిపెట్టవూ?"

అక్క దారం కొస చూసింది. ఒక్క క్షణం.

"కోసుకొచ్చావు."

"ఆవిడా కోసుకునేగా వచ్చింది!"

"అది తిడితే పడింది."

"నేనూ పడతానే. తిట్టు."

"నిన్ను యాభై ఏళ్ళుగా తిడుతున్నాను. విసుగొచ్చింది. అదెప్పుడొస్తుంది?"

"రేపు."

మర్నాడూ అడిగింది. రేపే అన్నాను. ఆ మర్నాడు కూడా.

"నీ రేపులన్నీ లూజుగా ఉన్నాయిరా," అంది. "ఎక్కడా పట్టు లేదు."

నాతో అన్న ఆఖరి మాట అదే. తర్వాత మాట పోయింది, వేళ్ళు మాత్రం ఆగలేదు. దుప్పటి అంచు పట్టుకుని గోళ్ళతో కుట్టు విప్పడం మొదలుపెట్టింది. ఒక్కో కుట్టూ వెతికి పట్టుకుని లాగేది. మూరెడు విప్పింది. కుట్టడానికి సూది లేదు. మళ్ళీ ఇంకో మూర. నా కాలరులో సూది ఉంది. దారం కూడా ఉంది. ఆ చేతుల్లో పెడదామని తీశాను. వేళ్ళు దాన్ని పట్టుకోలేక జారవిడిచాయి, దుప్పట్లో పడితే వెతుక్కుని తీసుకుని మళ్ళీ కాలరులో పెట్టుకున్నాను. చిరుగు వెళ్ళిన తొమ్మిదో రోజు పొద్దున పదకొండు గంటలకి, చూపుడువేలికి దారం చుట్టుకుని ఉండగానే అక్క పోయింది.

పోయినవాళ్ళకి కప్పే దుప్పటి కింద బట్టల గదినుంచి రావాలి. అది తెచ్చే పని ఇప్పుడు చిరుగుది. మెట్ల మీద ఎడమ బూటు కిర్రుమనడం విన్నాను. ఆ చప్పుడు కోసం మా అక్క తొమ్మిది రోజులు చెవులు రిక్కించింది. వచ్చింది, గంట ఆలస్యంగా.

ఆవిడ మడత దుప్పటి చేతులమీద పెట్టుకుని వార్డు గుమ్మంలో ఆగింది. హెడ్ సిస్టరు చూసి, తల పక్కకి తిప్పుకుంది. లోపలికి రమ్మనడం అన్నమాట.

మంచం దగ్గరికొచ్చి, దుప్పటి పక్కన పెట్టి, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుంది. వెచ్చచేసుకుంది.

"ఇప్పుడు ఎడమచెయ్యి ఎత్తుతున్నానమ్మా," అంది. "ఇప్పుడు వేలికున్న దారం తీస్తున్నా. ఇప్పుడు ఒత్తిగిలిస్తున్నా." వీపు చూసింది. చూసి, ఒక్క క్షణం మాట ఆపింది. "ఇప్పుడు తుడుస్తున్నా. కాస్త మంట పుడుతుందేమో." చచ్చిపోయిన మనిషికి మంట పుడుతుందని చెప్పింది. నావైపు మాత్రం చూడలేదు.

వంగినప్పుడు ఆవిడ కోటు అంచు కనిపించింది. పైనుంచి చూస్తే బాగానే ఉంది. లోపలివైపు మడత మాత్రం ఆస్పత్రి ప్లాస్టరు ముక్కలతో అంటించి ఉంది. వేలాడుతున్న దారాల కొసలు నున్నగా ఉన్నాయి. మడత పొడుగునా గుడ్డకి చిన్న చిన్న బెజ్జాలు, ఒకే గీత మీద వందలకొద్దీ. ఆ గుడ్డ ఇక ఏ సూదీ తట్టుకోదు. ఈసారి చూశాను. నేను కటింగ్ మాస్టారినే.

"ఇది... ఇంకా ఇలాగే ఉంచారేం?" అన్నాను.

"ఏ పూటైనా పైకి పిలుస్తారేమోనని. పిలిస్తే ప్లాస్టరు పీకేసి రావచ్చని," అంది ఆవిడ, అక్క జుట్టు సర్దుతూ.

నా చెయ్యి దానంతటదే కాలరు వెనక్కి పోయింది. సూది తీసి, మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "ఒక్క నిమిషం నిలబడండమ్మా. నేను కుట్టిపెడతాను. మీరు మా అక్కకి చేసినదానికి..."

ఆవిడ చప్పున వెనక్కి జరిగింది. హెడ్ సిస్టరు అవతల మంచం దగ్గరుంది, వీపు ఇటు పెట్టి.

"ఆ సూది లోపల పెట్టండి సార్," అంది గొంతు తగ్గించి. "మీకు దండం పెడతాను. మీరొకసారి నవ్వించబోతే నన్ను కిందికి పంపారు. ఇంకోసారి మెచ్చుకోబోతే అక్కడే పాతేశారు. ఇప్పుడు కృతజ్ఞత కూడా చూపిస్తే, ఉన్న ఆ బట్టల గది కూడా పోతుంది."

నేను లేచాను. సూది పెట్టుకున్నాను. తొందరలో మెడకి గుచ్చుకుంది.

"దుప్పటి ఆ కొస పట్టుకోండి," అంది. పట్టుకున్నాను. "వదులుగా పట్టారు. గట్టిగా."

కమిటీ ఆవిడని పధ్నాలుగు నెలలు బట్టల గదిలోనే ఉంచింది. నా నాలుగు పేజీలూ ఫైల్లో ఉన్నాయట, చాలా గొప్పగా రాశాడని సభ్యులంతా మెచ్చుకున్నారట. ఆ పధ్నాలుగు నెలల్లో పైన ఎంతమంది పోయి ఉంటారో, వాళ్ళలో ఎంతమందికి చల్లటి చేతులు తగిలి ఉంటాయో నేను లెక్కపెట్టలేదు. ఆ లెక్క మాత్రం ఎక్కడా రాయలేదు.

మొన్నీమధ్య ఒక మధ్యాహ్నం దుకాణంలో ఒక్కణ్ణే ఉన్నాను. అక్క పోయాక కుట్టు కూడా నేనే కుడుతున్నాను. జనం మొహమాటానికి తీసుకెళ్తున్నారు. మిషను ముందు అక్క స్టూలు అలాగే ఖాళీగా ఉంచాను, నేను పెట్టె మీద కూర్చుంటాను. గుమ్మం బయట కిర్రుమంది.

చిరుగు లోపలికొచ్చి, అడక్కుండానే అక్క స్టూలు మీద కూర్చుంది. మళ్ళీ పైకి పంపారట, వారమయింది. ఆ సంగతి రెండు ముక్కల్లో చెప్పి, కొత్త తెల్లకోటు ఒకటి సంచిలోంచి తీసి బల్ల మీద వేసింది.

"అంచు ఊడింది. కుట్టండి."

కుట్టాను. ఆవిడ అందుకుని, వెలుతురుకేసి పెట్టి చూసింది.

"వంకరగా ఉంది. విప్పి మళ్ళీ కుట్టండి."

విప్పాను. మళ్ళీ కుట్టాను. ఈసారి కుట్లు దూరమయ్యాయంది. మూడోసారి విప్పుతుంటే, మడత మూలలో నేను వెయ్యని పాత దారం ముక్క ఒకటి చేతికి తగిలింది. తీసి అరచేతిలో పెట్టుకున్నాను. కొస నున్నగా ఉంది.

తలెత్తి చూశాను. ఆవిడ వీధిలోకి చూస్తోంది. నాలుక చివరిదాకా ఒక మాట వచ్చింది. ఆ మాట ఎంత పని చేయగలదో నాకు తెలుసు కాబట్టి మింగేశాను.

"ఏం మనిషమ్మా నువ్వు?" అన్నాను. "కొత్త కోటు వారానికే ఇలా చేశావంటే, దొర్లుకుంటూ నడుస్తావా ఏం? ఒంటి మీద గుడ్డ నిలుపుకోవడం రాదు గానీ..."

ఆవిడ ఇటు తిరక్కుండానే అంది:

"మీ అక్క ఇంకా బాగా తిట్టేది. కానివ్వండి."